పదకొండు దినాల మంత్రం

పోయిన మంగళవారం పొద్దున అంకిస నుంచి ఒక ఫోన్ వచ్చింది. అవతల ఎవరో ఒకామె, తన పేరైనా చెప్పకుండా మొదలుపెట్టింది.

"గురూజీ, ఆ పశువుల మంత్రం ఇప్పుడు మీ దగ్గరనే ఉన్నదట గద. మా పెయ్యకు జర ఏసి పోతరా?"

జిల్లా పరిషత్ బడిలో పాఠం చెప్పినవాణ్ణి మా సిరొంచ తాలూకాలో గురూజీ అంటారు. అది మరాఠీ బడుల అలవాటు, అందులో తప్పేమీ లేదు. కానీ నేను ముప్పై ఏళ్లుగా ఊరూరా తిరిగి మంత్రం లేదు, దెయ్యం లేదు, దిష్టి లేదు అని గొంతు చించుకున్నవాణ్ణి. నిప్పుల మీద నడిచి చూపించాను. నిమ్మకాయ కోస్తే రక్తం ఎలా కారుతుందో బడిపిల్లల చేత చేయించి చూపించాను. అలాంటి నా దగ్గర మంత్రం ఉందట. ఎవరు చెప్పారమ్మా అంటే, అందరూ అంటున్నారట. పోయిన వానాకాలం ఆ మంత్రం వేసే తాత చనిపోయేముందు నన్ను పిలిపించుకుని, చెవిలో చెప్పి, అప్పుడు కన్నుమూశాడట.

ఆయన నన్ను పిలిపించుకోలేదు. ఆ వారం నేను ఊళ్లోనే లేను. అయినా పోతూ పోతూ నన్ను ఇలా ఇరికించాడంటే నాకు పెద్ద ఆశ్చర్యమేమీ కలగలేదు. బతికున్నప్పుడు కూడా ఆయన నాకు చేసింది ఇదే.

ఆయన పని బెదురు పశువులను తాడుకు అలవాటు చేయడం. మా వైపు మందలు నెలల తరబడి అడవి అంచున మేస్తాయి, అక్కడే ఈనుతాయి. ఆ దూడలు మనిషి చెయ్యి తగలకుండా పెరుగుతాయి. పులి వాసన తెలుసు, పలుపు వాసన తెలియదు. రెండేళ్లు దాటాక కోడెను కాడికి కట్టాలన్నా, పెయ్యను ఈతకు ముందు కొట్టంలోకి తేవాలన్నా యుద్ధమే. నలుగురు మగవాళ్లు, ఒక నైలాన్ తాడు, రెండు కట్టెలు. పడదోసి ముక్కు కుడతారు. ఆ తర్వాత ఆ పశువు బతికినన్నాళ్లూ మనిషిని చూస్తే ఒక కన్ను తెల్లగా తిప్పుతుంది.

ఆయన ఒక్కడే వచ్చేవాడు. చేతిలో కట్టె ఉండదు. భుజం మీద తువ్వాల, పళ్ల మధ్య ఒక గడ్డిపోచ. ఏ వాకిట్లోకీ నేరుగా అడుగుపెట్టడం నేను చూడలేదు. పక్కవాటుగా, ఎటో చూస్తూ, ఏదో మరిచిపోయి వచ్చినవాడిలా వచ్చేవాడు. మా ఇంటికి వచ్చినా అంతే. మాట్లాడుతున్నంతసేపూ మన కళ్లలోకి చూడడు, భుజం వైపు చూస్తాడు. ఒకసారి నాకు ఒళ్లు మండి, నేనేమన్నా కోడెదూడనా అని అడిగాను. ఎదురుగ చూస్తే దేనికైనా భయమే గురూజీ అని, నా రెండో భుజం వైపు చూడటం మొదలుపెట్టాడు.

అన్నిటికన్నా నన్ను పిచ్చెక్కించింది ఆయన ఊతపదం. "అట్లనే అనుకో." ఆ మంత్రం కమలాపూర్ ఏనుగుల శిబిరంలో పనిచేసేవాళ్లు నేర్పారట గదా అని ఒకడు అడిగితే, అట్లనే అనుకో. కాదు, అడవిలో ఒక గోండు పెద్దాయన ఇచ్చాడట అని ఇంకొకడంటే, అట్లనే అనుకో. నది అవతల సాధువు ఎవరో ఉపదేశించాడని మూడోవాడంటే, అదీ అట్లనే. మంత్రాలు లేవయ్యా, నువ్వు జనాన్ని మోసం చేస్తున్నావు అని నేను నిలదీస్తే, "నువ్వు లేవంటవా? అట్లనే అనుకో." ఎదుటివాడు కాదంటేనే గదా వాదం. వాదమే చేయనివాణ్ణి ఎలా ఓడిస్తాం? పండితులతో వాదించాను, బాబాలతో వాదించాను, ఎన్నికల్లో నిలబడ్డవాళ్లతో వాదించాను. ఈ మనిషి దగ్గర నా మాటలన్నీ పరుపు మీద గుద్దినట్టు పోయేవి.

అయినా పట్టించుకునేవాణ్ణి కాదేమో. పశువులే కదా అని ఊరుకునేవాణ్ణి. కానీ ఒక ఎండాకాలం పొద్దున ఆయన ఇంటి ముందు నుంచి పోతుంటే, గడప మీద ఒక తల్లి కూర్చుని ఉంది. ఒళ్లో జ్వరంతో కాలిపోతున్న పిల్ల. పొద్దు పొడిచినప్పటి నుంచి అక్కడే ఉందట. మంత్రం వేసే తాత నాగేపల్లిలో ఎవరిదో కోడె ఉందని పోయాడు, వస్తాడని కూర్చుంది. అప్పటికి పదకొండు దాటింది. తల్లినీ పిల్లనూ నా బండి మీద ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాను. పిల్ల బతికింది. ఇంకో పూట ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టర్ చెప్పలేదు, నేను అడగలేదు.

సాయంత్రం ఆయన బస్సు దిగగానే పట్టుకున్నాను. సంగతి విని, నోట్లో గడ్డిపోచ తీసేశాడు.

"పిల్లలకు ఏస్తనని నేను ఎన్నడన్న అన్ననా, గురూజీ?"

"వెయ్యనని ఎన్నడన్నా అన్నవా?"

మర్నాటి నుంచి జ్వరం గిరం అని ఎవరు వచ్చినా దవాఖాన దాకా వెంట పోయేవాడట. సూది పడ్డాకనే నా మంత్రం పని చేస్తది అని చెప్పేవాడట. ఇది తెలిశాక నా కోపం రెండింతలైంది. అబద్ధాన్ని కూడా దవాఖానకు తోడిచ్చి పంపుతున్నాడు! ఇక ఈ మంత్రం సంగతి బయటపెట్టి తీరాలని అప్పుడే అనుకున్నాను.

అవకాశం మా చెల్లె పెయ్యతో వచ్చింది. మా చెల్లె భర్త పోయాక నా ఇంటి పక్కనే ఉంటుంది. మా అమ్మానాన్నలు ఒకరి పొలంలో కూలి చేసి బతికినవాళ్లు, మాకంటూ పశువు ఎన్నడూ లేదు. ఆమెకు అది మొదటి పశువు. మందలోంచి తెచ్చిన పెయ్య, చూలుతో ఉంది. మనిషి పది గజాల్లోకి వస్తే కంచె మీదికి దూకేది. ఈనేలోపు చేతికి రాకపోతే పాలు పిండటం మాట అటుంచి, దూడ అడ్డం తిరిగితే చెయ్యి పెట్టేవాడు కూడా ఉండడు. నలుగురిని పిలుద్దాం అన్నారు పక్కవాళ్లు. మా చెల్లె ఏడ్చింది. అన్నా, ఆ తాతను పిలువు అంది.

పిలిచాను. ఒక నోట్‌బుక్ కొనుక్కుని మరీ పిలిచాను. పదకొండు రోజులూ నేను దగ్గర కూర్చుంటాను, ఏం చేస్తావో రాసుకుంటాను అన్నాను. ఆయన నా భుజం వైపు చూసి, కూసో అన్నాడు.

మంత్రానికి నియమాలు చెప్పాడు. పదకొండు దినాలు వాకిట్లో కట్టె కనపడొద్దు. కుక్క రావొద్దు. పెయ్యకు కుడితి పోసే మనిషి కట్టి విడిచిన పాత చీర ఒకటి కావాలి. తాడు పట్టే మనిషి ముందుగా తాడు వేయించుకోవాలి.

మా చెల్లె పాత చీరను పేలికలుగా చింపి, పేని, మెత్తటి తాడు చేశాడు. దాంతో మూతి చుట్టూ ఒక వలయం, చెవుల వెనక నుంచి ఇంకొకటి వచ్చేటట్టు ముడులు వేశాడు. ముక్కు కుట్టేది లేదు. మెడకు బిగిసేది లేదు. అంతా అయ్యాక, తాడు పట్టేదెవరు అన్నాడు. నేనే అన్నాను. మా చెల్లెకు ధైర్యం లేదు.

"అయితె కండ్లద్దాలు తియ్యి, గురూజీ."

ఆ తాడు నా ముఖానికి తొడిగాడు. తాలూకాలో నా మాటకు భయపడేవాళ్లు ఉన్నారు. ఆ రోజు గోడ మీద ఆరుగురు ఆడవాళ్లు, ఇద్దరు ముసలాళ్లు చూస్తుండగా, మా చెల్లె చీర వాసన వేస్తున్న తాడు మూతికి కట్టుకుని నా వాకిట్లో నిలబడ్డాను. తాడు కొస ఆయన చేతిలో ఉంది. ఏదో తగిలినట్టయింది, నేను వెనక్కి గుంజాను. ఆయన కదల్లేదు, లాగనూ లేదు. నేను ఇంకా గుంజాను. చెవుల వెనక ఒరుసుకుంది.

"ఇప్పుడు లాగింది నువ్వా నేనా?"

గోడ మీద నవ్వులు. ఆయన అలాగే నిలబడి నా భుజం వైపు చూస్తున్నాడు. ఎంతసేపని? విసుగెత్తి ఒక అడుగు ముందుకు వేశాను. తాడు వెంటనే వదులైంది. ముఖానికి హాయిగా అనిపించింది. నవ్వొస్తుంది గాని, నాకు నిజంగా ఆ మనిషి మీద కృతజ్ఞత లాంటిది కలిగింది. అంత త్వరగా.

"వదులైంది గద. అదే దాని కూలి. అడుగేసినంక కూలి ఆలస్యం చెయ్యొద్దు. ఇగ తియ్యి."

మా చెల్లె అంతగా నవ్వడం చాలా ఏళ్ల తర్వాత చూశాను.

మొదటి మూడు రోజులు ఆయన వాకిట్లో పెయ్యకు వీపు పెట్టి కూర్చున్నాడు. అంతే. నోట్లో ఏదో గొణుగుతూనే ఉన్నాడు. నాలుగో రోజు పెయ్య వెనక నుంచి వచ్చి ఆయన తువ్వాల వాసన చూసింది. ఆయన తిరగలేదు. ఆ రోజు నుంచి చీర తాడు కుడితి తొట్టి అంచుకు వేలాడదీశాడు. తాగాలంటే తాడుకు మూతి తగలాల్సిందే. ఆరో రోజు మూతి మీదుగా తొడిగి, ఒకటి రెండు లెక్కపెట్టే లోపల తీసేశాడు. మళ్లీ తొడిగాడు, తీసేశాడు. మధ్యాహ్నం దాకా అదే పని. చూసేవాడికి పిచ్చెక్కుతుంది. ఎనిమిదో రోజు తొడిగి కొస వదిలేశాడు, పెయ్య ఈడ్చుకుంటూ తిరిగింది. తన కాలు తనే తాడు మీద వేసుకుని, తనే ఆగి, తనే వదులు చేసుకోవడం నేర్చుకుంది. పదకొండో రోజు మా చెల్లె రెండు వేళ్లతో ఆ కొస పట్టుకుంటే ఆమె వెంట నీళ్ల తొట్టి దాకా నడిచింది.

నా నోట్‌బుక్కులో నియమాలన్నిటికీ ఎదురుగా కారణం రాసుకున్నాను. కట్టె కనపడకపోతే భయముండదు. చీరలో అన్నం పెట్టే మనిషి వాసన ఉంది. యజమానికి తాడు వేస్తే లాగితే ఎట్లా ఉంటుందో వాడికి తెలుస్తుంది. అన్నీ తర్కమే. శాస్త్రం. మిగిలింది ఆ గొణుగుడొక్కటే. తొమ్మిదో రోజు పాక్కుంటూ దగ్గరికి పోయి విన్నాను.

"సిరొంచ... బామిని... జిమ్మలగట్ట... రేపనపల్లి... ఆలపల్లి... నాగేపల్లి... అహేరి." మళ్లీ సిరొంచ నుంచి.

అది మా అహేరి బస్సు ఆగే ఊళ్ల వరస!

"ఇదా నీ మంత్రం?" అన్నాను.

"మరేంది? నేను ఊకుంటె యాడున్ననో దానికి తెల్వది. తెల్వకుంటె భయం. ఏదో ఒకటి అనుకుంట ఉండాలె. నాకు పాటలు రావు. బస్సు ఊర్లు వచ్చు."

కోపం ఆగలేదు. ఇంత తెలివి, ఇంత ఓర్పు, ఇన్నేళ్ల పరిశీలన చేతిలో పెట్టుకుని దాని మీద మంత్రమనే చింకి గుడ్డ ఎందుకు కప్పావు, ఉన్నది ఉన్నట్టు జనానికి ఎందుకు చెప్పవు అని అడిగాను. మొదటిసారి ఆయన కాస్త గట్టిగా మాట్లాడాడు.

"చెప్పలేదా? మొదట్ల అదే చెప్పిన. పదకొండు దినాలు కొట్టకుర్రి, అదే వస్తది అన్న. మూడోనాడే కట్టె పట్టిండ్రు. మంత్రం ఖరాబైతదంటె ఒక్కడు ముట్టలే. నువ్వు గీ ముచ్చట ఎవ్వలతో అనకు గురూజీ."

నేను మాట ఇవ్వలేదు. ఈ సంగతి స్పష్టంగా రాయాలి. అనను అని నేను అనలేదు. నా కళ్ల ముందు గడప మీద ఆ తల్లి, ఆ పిల్ల ఉన్నారు.

ఆ నెలలోనే మా సంఘం తరఫున ఒక ఊళ్లో సభ పెట్టాం. నోట్‌బుక్కు తెరిచి అంతా చదివాను. బస్సు ఊళ్లు చదివినప్పుడు జనం పడి పడి నవ్వారు. ఆయన చివరి వరసలో పక్కవాటుగా కూర్చున్నాడు. నిజమేనా తాతా అని ఎవరో అడిగారు. గురూజీ చెప్పిండు గద, అట్లనే అనుకో అన్నాడు. చప్పట్లు కొట్టారు. నా జీవితంలో ఇంత శుభ్రంగా గెలిచిన సభ ఇంకొకటి లేదు.

పది రోజులు తిరక్కుండా కబురు వచ్చింది. ఆ సభలో ముందు వరసలో కూర్చున్న ఒక రైతు తన కోడెను తనే అలవాటు చేస్తానని మొదలుపెట్టాడు. మంత్రం లేదని తేలిపోయింది గదా. రెండు రోజులు వీపు పెట్టి కూర్చున్నాడు. మూడో రోజు నాట్లకు ఆలస్యమవుతోందని నైలాన్ తాడు వేసి కట్టె పట్టాడు. కోడె తాడుతో సహా గట్టు దూకింది. ముందు కాలు విరిగింది.

నేను పోయేసరికి ఆ రైతు తల పట్టుకుని కూర్చున్నాడు. "మంత్రం లేదంటిరి గద గురూజీ. లేనప్పుడు పదకొండు దినాలెందుకు?" అన్నాడు. తిట్టలేదు, నిజంగానే అడిగాడు. కోడె కట్టెలు కట్టిన కాలుతో నేల మీద పడి ఉంది. దానికి వీపు పెట్టి ఆయన కూర్చుని ఉన్నాడు. ఆలపల్లి, నాగేపల్లి అని గొణుగుతున్నాడు. నన్ను చూసి ఆపాడు. ఆ ఒక్కసారి నేరుగా నా కళ్లలోకి చూశాడు.

"మంత్రం తీసేసినవ్ గురూజీ. మంచిదే. ఆ జాగల ఏం పెట్టినవ్?"

నేను జవాబు చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను? జ్ఞానం పెట్టాను అన్నాను. నేర్చుకోవడానికి కాలం పడుతుందన్నాను, అబద్ధం మీద నిలబడిన మంచి ఎక్కువ రోజులు నిలవదన్నాను, జ్వరం పిల్లను గుర్తు చేశాను. అందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. ఈ రోజు అడిగినా అదే చెబుతాను. ఆయన అంతా విన్నాడు. విని, అట్లనే అనుకో అనలేదు. తిరిగి కోడెకు వీపు పెట్టి కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆయన్ను రెండు మూడుసార్లే చూశాను. నేను పలకరిస్తే పలికేవాడు, భుజం వైపు చూసేవాడు. ఇక మా జనం గురించి ఏం చెప్పను? ఆ సభ నుంచి వాళ్లు తీసుకున్న పాఠం ఒకటే. గురూజీ పదకొండు దినాలు ఆయన పక్కన ఊరికే కూర్చుంటాడా? మంత్రం చేజిక్కించుకున్నాడు, ఇంకెవరికీ దక్కకుండా లేదని చెబుతున్నాడు. ముప్పై ఏళ్లు బల్ల గుద్ది అరిచినదానికి ఫలితం ఇది.

అందుకే అంకిస ఆమెకు ఫోన్‌లోనే గట్టిగా చెప్పాను. మంత్రం లేదమ్మా, ఏనాడూ లేదు.

"లేదా? మరి మా ఇంటాయన రేపు నలుగురిని పిలిచిండు గురూజీ. అది చూలుతోని ఉన్నది."

కట్టె పడితే మంత్రం ఖరాబైతదని చెప్పు, అంటే సరిపోయేది. ఆ మాట నా నాలుక కొన దాకా వచ్చింది. అనలేదు.

"నలుగురిని వద్దను. నేను వస్త. పదకొండు దినాలు వస్త."

"ఎందుకాగాలె అంటె ఏం చెప్పాలె?"

"గురూజీ నడుం నొప్పితోని రోజూ బస్సెక్కి వస్తుండు, ఆయన ముందర పశువును కొడితే నీ ఇజ్జత్ పోతది అని చెప్పు."

అది అబద్ధం కాదు. నా నడుము నిజంగానే నొప్పి.

మొదటి రోజు ఆ ఇంటాయన ముఖానికి తాడు వేశాను. గుంజాడు, ఆగాడు, ఒక అడుగు వేశాడు, వదులు చేశాను. ప్రతి పనికీ కారణం వాకిట్లోనే, గోడ మీది వాళ్లందరికీ వినపడేలా చెప్పాను. ఆ తర్వాత పెయ్యకు వీపు పెట్టి కూర్చున్నాను. ఏదో ఒకటి అంటూ ఉండాలి గదా. నాకు వచ్చినవి ఉపన్యాసాలు. మూఢనమ్మకాల మీద ఒకటి మొదలుపెట్టాను. నాలుగో వాక్యానికే నా గొంతు అలవాటుగా లేచింది, పెయ్య కంచె దాకా ఉరికింది. ఆ పూటంతా పోయింది. మర్నాటి నుంచి గతిలేక బస్సు ఊళ్లే.

నిన్న ఐదో రోజు. ఇంటాయన గోడ దగ్గర పక్కింటాయనతో గుసగుసగా అంటున్నాడు, విను, అదే మంత్రం అని. ఇవి బస్సు ఊళ్లయ్యా, నువ్వూ ఎక్కిన అహేరి బస్సే అన్నాను, తల తిప్పకుండా, నెమ్మదిగా.

"అవును గురూజీ," అన్నాడు ఇంటాయన, ఎంతో మర్యాదగా. "మేము ఎవ్వలకు చెప్పం."

ముప్పై ఏళ్ల వాదం ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. లేచి, తిరిగి, ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి, మొదటి నుంచి చివరి దాకా చెప్పాలనిపించింది. అప్పుడే నా మెడ వెనక వెచ్చటి ఊపిరి తగిలింది. తడిగా ఉన్న మూతి ఏదో నా కాలరు వాసన చూస్తోంది. తిరిగితే పోతుంది. గొంతు లేస్తే పోతుంది.

పదకొండో రోజు సాయంత్రం ఆ గోడ మీది వాళ్లకు నేను చెప్పాల్సింది చాలా ఉంది.

"నాగేపల్లి," అన్నాను. "అహేరి." మళ్లీ సిరొంచ నుంచి మొదలుపెట్టాను.